బొమ్మ నుంచి అణువు: రసాయన నిర్మాణాలను చదివే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్

కాగితం మీదో పీడీఎఫ్‌లోనో బొమ్మగా ఉన్న రసాయన నిర్మాణాన్ని, కంప్యూటర్ వెతకడానికీ పోల్చడానికీ లెక్కలు కట్టడానికీ పనికొచ్చే సమాచారంగా మార్చే సాంకేతికతను రసాయన నిర్మాణాల దృశ్య గుర్తింపు అంటారు. అచ్చు పేజీని చదివే ఓసీఆర్ అక్షరాలను వరసగా అప్పజెబితే సరిపోతుంది. ఇక్కడ ఏ పరమాణువు దేనితో, ఎన్ని బంధాలతో, ఏ దిశలో కలిసి ఉందో కూడా తేలాలి. ఈ పని చేసే ప్రోగ్రాములు 1990ల మొదట్లోనే పుట్టినా, సోర్స్ కోడ్‌తో సహా అందరి చేతికీ వచ్చింది 2007లో విడుదలైన ఓస్రాతోనే. ఇమాగో, మాల్‌వెక్, డెసిమర్, మాల్‌స్క్రైబ్, మాల్‌గ్రాఫర్ ఆ దారిలో తర్వాత వచ్చినవి.

సమాచారం ఎక్కడ పోతుంది

తిరిగి రాబట్టాలనుకుంటున్న ఈ సమాచారం చాలాసార్లు మొదట కంప్యూటర్‌లోనే ఉంటుంది. రసాయన శాస్త్రవేత్త కెమ్‌డ్రా వంటి ప్రోగ్రాములో అణువును గీస్తున్నప్పుడు ప్రతి పరమాణువూ, ప్రతి బంధమూ లోపల ఒక పట్టికకు ఎక్కుతూనే ఉంటాయి. ఆ బొమ్మను వ్యాసంలో అతికించి పీడీఎఫ్ చేయగానే పట్టిక పోతుంది, గీతలు మిగులుతాయి. ఇక కంప్యూటర్లు రాకముందు చేత్తో గీసి అచ్చువేసిన వాటికి ఆ పట్టిక అసలు ఎప్పుడూ లేదు.

పోయినదాన్ని రాబట్టే పని దశాబ్దాల పాటు మనుషులే చేశారు. అమెరికాలో 1907లో మొదలైన కెమికల్ ఆబ్‌స్ట్రాక్ట్స్ వాళ్లు ప్రపంచంలో అచ్చయ్యే రసాయన సాహిత్యాన్ని చదివి సూచీలు కట్టారు; 1965 నుంచి ఒక్కో పదార్థానికి ఒక్కో నమోదు సంఖ్య ఇస్తున్నారు. హైదరాబాదుకూ ఈ శ్రమలో వాటా ఉంది. జీవీకే బయోసైన్సెస్‌లో రూపుదిద్దుకుని, తర్వాత ఎక్సెల్రా చేతిలోకి వచ్చిన గోస్టార్ డేటాబేస్ అలా పుట్టిందే. పత్రికలనూ పేటెంట్లనూ చదివి, అణువు నిర్మాణాన్నీ దాని ఔషధ ప్రభావపు కొలతలనూ నిపుణులు కూర్చుని ఎక్కించారు. ఇంత ఖరీదైన శ్రమతో తయారైన డేటాబేస్ చందా కట్టినవారికే అందడంలో ఆశ్చర్యం లేదు. చందా కట్టలేని విశ్వవిద్యాలయాలకు ఓపెన్ సోర్స్ ప్రయత్నాలు అక్కరకొచ్చేది ఇక్కడే.

అమెరికా పేటెంటు కార్యాలయం ఇక్కడ ఒక మంచి పని చేసింది. 2001 నుంచి తన పేటెంట్లలోని నిర్మాణాలకు బొమ్మతో పాటు కంప్యూటర్ చదవగల ఫైళ్లను కూడా విడుదల చేస్తోంది. బొమ్మా, దానికి సరైన జవాబూ రెండూ పక్కపక్కనే దొరకడంతో, ఈ రంగంలోని ప్రోగ్రాములకు పరీక్షా పత్రమూ శిక్షణ సామగ్రీ చాలావరకు అక్కడి నుంచే వచ్చాయి.

ఏ రూపంలోకి

ఫలితాన్ని రాయడానికి వాడుకలో మూడు నాలుగు పద్ధతులున్నాయి. డేవిడ్ వైనింగర్ 1988లో ప్రచురించిన స్మైల్స్ అణువును ఒకే వరస అక్షరాలుగా రాస్తుంది. ఇథనాల్‌కు రెండు కార్బన్లు, ఒక ఆక్సిజన్. స్మైల్స్‌లో అది ‘సీ సీ ఓ’ అని మూడు అక్షరాలు. హైడ్రోజన్లను రాయనక్కర్లేదు, వేలెన్సీని బట్టి అవి లెక్కకు వస్తాయి. ఒకే అణువును స్మైల్స్‌లో పలు విధాలుగా రాయొచ్చు కాబట్టి, పోలికకు అంతర్జాతీయ రసాయన శాస్త్ర సంఘం ఐయూపాక్ ఆధ్వర్యంలో తయారై 2005లో విడుదలైన ఇంచీ ఎక్కువ నమ్మకమైనది. మాల్‌ఫైల్ అన్నింటికంటే పాత తరహాది: ప్రతి పరమాణువు కాగితం మీద ఎక్కడుందో చెప్పే నిరూపకాలు, ఆ తర్వాత బంధాల జాబితా.

చదివే మనిషికి ఈ తేడా చాలా ముఖ్యం. నిరూపకాలు ఉన్న ఫలితాన్ని అసలు బొమ్మ మీద పరిచి, ఎక్కడ తప్పిందో ఒక్క చూపులో కనిపెట్టవచ్చు. స్మైల్స్ మాత్రమే చేతికొస్తే దాన్ని మళ్లీ బొమ్మగా గీయించుకోవాలి. అలా గీసిన బొమ్మ అసలుదానికి తిరగేసినట్టో పక్కకు వాల్చినట్టో వస్తుంది, కళ్లతో పోల్చడం కష్టమవుతుంది.

గీతల్లో దాగిన కార్బన్లు

చుక్కలు కలుపుతూ వేసిన ముగ్గు పూర్తయ్యాక చుక్కలు కనబడవు, గీతలను బట్టి అవి ఎక్కడున్నాయో ఊహించుకోవాలి. సేంద్రియ రసాయన చిత్రాలూ అంతే. కార్బన్ పరమాణువును సాధారణంగా రాయరు. గీత మలుపు తిరిగిన చోట, ఆగిన చోట కార్బన్ ఉన్నట్టు లెక్క. కాబట్టి ప్రోగ్రాము ముందుగా మలుపులను పట్టుకోవాలి. స్కానింగులో గీత కాస్త వంకరపోతే లేని మలుపు కనిపిస్తుంది, అణువులో ఒక కార్బన్ పెరుగుతుంది.

అక్షరాల పేచీ వేరే ఉంది. క్లోరిన్ గుర్తులోని రెండో అక్షరం నిలువు గీతలా ఉంటుంది, దాన్ని బంధంగా పొరబడితే క్లోరిన్ కాస్తా కార్బన్ అవుతుంది. అయొడిన్ గుర్తుకూ ఒంటరి బంధానికీ మధ్య తేడా కొన్ని అచ్చు అక్షరాల్లో మనిషికే తెలియదు. పైగా రసాయన శాస్త్రజ్ఞులకు పొడిమాటలు ఇష్టం: మిథైల్, ఫినైల్, బాక్ లాంటి సమూహాలను రెండు మూడు అక్షరాల్లో తేల్చేస్తారు. ఎసిటైల్ సమూహానికి వాడే రెండక్షరాలే ఆవర్తన పట్టికలో ఆక్టినియం గుర్తు. ప్రొపైల్‌కు వాడేవి ప్రసియోడిమియం గుర్తు. సందర్భం ఎరగని ప్రోగ్రాము మామూలు ఎస్టర్‌లో రేడియోధార్మిక లోహాన్ని తెచ్చి పెడుతుంది.

అన్నింటికంటే చిక్కైనది త్రిమితీయ విన్యాసం. కాగితానికి ముందుకు వచ్చే బంధాన్ని నిండు త్రికోణంగానూ, వెనక్కి పోయేదాన్ని చిన్న గీతల వరసగానూ గీస్తారు. ఇవి తారుమారైతే అణువు తన అద్దపు ప్రతిబింబమవుతుంది. కార్వోన్ అనే పదార్థం ఒక రూపంలో పుదీనా వాసన వేస్తుంది, దాని ప్రతిబింబ రూపం కారవే గింజల వాసన వేస్తుంది. మందుల విషయంలో ఇలాంటి తేడా వాసనతో ఆగకపోవచ్చు. పాత ఫ్యాక్స్ నాణ్యత ఉన్న పేటెంటు స్కాన్లలో ఆ చిన్న గీతలు ఒకదానితో ఒకటి అతుక్కుని నిండు త్రికోణంలా కనిపించడం మామూలే.

ఓస్రాకు ముందూ తర్వాతా

1992లో మెక్‌డేనియల్, బాల్మత్ ప్రచురించిన కెకులే ఈ రంగంలో తొలి పూర్తి స్థాయి ప్రోగ్రాముగా లెక్కకు వస్తుంది. బెంజీన్ వలయాన్ని ఊహించిన జర్మన్ శాస్త్రవేత్త పేరే దానికి పెట్టారు. మరుసటి ఏడాది ఇంగ్లండులోని లీడ్స్ విశ్వవిద్యాలయం నుంచి క్లైడ్, ఐబీఎం నుంచి ఒరాక్స్ వెలుగుచూశాయి. క్లైడ్ వాణిజ్య సాఫ్ట్‌వేర్‌గా స్థిరపడింది. తర్వాతి పదిహేనేళ్లలో కొత్తగా ఈ పని చేయాలనుకున్నవారు మొదటి మెట్టు నుంచే ఎక్కాల్సి వచ్చింది, ఎందుకంటే ముందువాళ్ల కోడ్ చూసే వీలు లేదు.

ఆ పరిస్థితిని మార్చినది అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో ఇగోర్ ఫిలిపోవ్, మార్క్ నిక్లాస్ రాసిన ఓస్రా. దీని నిర్మాణాన్ని వివరించే వ్యాసం 2009లో వచ్చింది. ఓస్రాలో నేను మెచ్చేది దాని పొదుపు. బొమ్మలు తెరవడానికీ, గీతలను వంపుల సమీకరణాలుగా మార్చడానికీ, అక్షరాలు చదవడానికీ, రసాయన నియమాలు చూసుకోవడానికీ అప్పటికే స్వేచ్ఛగా దొరుకుతున్న ఇమేజ్‌మ్యాజిక్, పోట్రేస్, గోసీఆర్, ఒక్రాడ్, ఓపెన్‌బేబెల్ వంటి సాధనాలను తెచ్చి కలిపారు. కొత్తగా రాసినది వాటిని కలిపే తర్కమే. జీపీఎల్ లైసెన్సు కింద విడుదల కావడంతో దానికి మార్పులు చేసి విడుదల చేసేవారూ తమ కోడ్ పంచుకోవలసి వచ్చింది.

ఓస్రా పని చేసే తీరు అర్థమైతే నియమాల ఆధారంగా నడిచే ప్రోగ్రాములన్నీ చాలావరకు అర్థమైనట్టే. ముందు రంగుల బొమ్మను నలుపు తెలుపుగా మారుస్తుంది. అంగుళానికి 72, 150, 300 చుక్కల చొప్పున వేర్వేరు రిజల్యూషన్లు ఊహించుకుని ఒకే బొమ్మను పలుమార్లు చదువుతుంది. మసకగా ఉంటే నునుపు చేసి, లావు గీతలను సన్నబరుస్తుంది. పోట్రేస్ ఇచ్చిన వంపుల్లో దిశ మారే బిందువులను పరమాణువులుగానూ, వాటిని కలిపే గీతలను బంధాలుగానూ తీసుకుంటుంది. సగటు బంధం పొడవూ, జంట గీతల మధ్య ఉండే దూరమూ ఎంతో అంచనా వేసి, అంత దగ్గర్లో సమాంతరంగా ఉన్న రెండు గీతలను ద్విబంధమని, వలయంలో గుండ్రం కనిపిస్తే అది బెంజీన్ తరహా వలయమని తేలుస్తుంది. మిగిలిన చిన్న ముక్కలను అక్షరాలుగా చదువుతుంది. చివరికి ప్రతి రిజల్యూషన్‌కూ వచ్చిన జవాబుకు ఒక నమ్మకపు అంకె వేసి, ఎక్కువ అంకె తెచ్చుకున్నదాన్ని బయటపెడుతుంది. ఈ చివరి మెట్టులో అది తనను తాను అనుమానించుకుంటుంది.

జీజీఏ సాఫ్ట్‌వేర్ వాళ్ల ఇమాగో సీ ప్లస్ ప్లస్‌లో రాసినది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో భాగమైన ఎన్‌కాట్స్ నుంచి వచ్చిన మాల్‌వెక్ జావాలో రాసినది, వేగం దాని బలం. రెండూ ఓస్రా దారిలోనివే. 2011లో ట్రెక్ సదస్సు పేటెంటు చిత్రాలతో పోటీ పెట్టాక ఇలాంటి ప్రోగ్రాములు ఒకే పరీక్ష రాయడం మొదలైంది.

నేర్చుకునే యంత్రాలు

నియమాల పద్ధతికి ఒక హద్దుంది. గీసేవాళ్ల అలవాటు కాస్త మారితే మరో నియమం రాయాలి, కొత్త నియమం పాతదానితో గొడవపడుతుంది. న్యూరల్ నెట్‌వర్కులకు నియమాలు చెప్పనక్కర్లేదు, లక్షలాది బొమ్మలను జవాబులతో సహా చూపిస్తే చాలు. అంత సరుకు ఎక్కడిదంటే, పబ్‌కెమ్ వంటి ఉచిత డేటాబేసుల్లోని కోట్ల అణువులను సీడీకే, ఆర్‌డీకిట్, ఇండిగో వంటి ఓపెన్ సోర్స్ సాధనాలతో బొమ్మలుగా గీయించడమే. గీత మందం, అక్షరాల రూపు, వాలు అన్నీ అటూ ఇటూ మార్చి గీయిస్తారు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మూడు దశాబ్దాలుగా కూడబెట్టిన సామగ్రి లేకుంటే ఈ తరం పుట్టేది కాదు.

జర్మనీలోని యెనా విశ్వవిద్యాలయంలో క్రిస్టాఫ్ స్టైన్‌బెక్ బృందం చేసిన డెసిమర్ ఈ తరానికి ప్రతినిధి. కోహులన్ రాజన్, అకిమ్ జీలెస్నీ, స్టైన్‌బెక్ రాసిన తొలి వ్యాసం 2020లో వచ్చింది. సీడీకే ఆద్యుల్లో స్టైన్‌బెక్ ఒకరు. అణువులను గీయించే సాధనం కట్టినవారే ఆ బొమ్మలను తిరిగి చదివే సాధనమూ కట్టారన్నమాట. మొదటి డెసిమర్ ఫలితాలు ఆశ చూపించాయి తప్ప వాడకానికి చాలవు. తర్వాత ట్రాన్స్‌ఫార్మర్ అనే తరహా న్యూరల్ నెట్‌వర్క్ నిర్మాణానికి మారి, శిక్షణ బొమ్మలను కోట్లకు పెంచారు. 2023లో నేచర్ కమ్యూనికేషన్స్‌లో వివరించిన రూపానికి 40 కోట్లకు పైగా బొమ్మలతో శిక్షణ ఇచ్చారు. వాళ్లు పేజీ మొత్తంలో నిర్మాణ చిత్రాలు ఎక్కడున్నాయో కత్తిరించి ఇచ్చే భాగాన్నీ, కత్తిరించిన ముక్క నిజంగా రసాయన నిర్మాణమేనా అని తేల్చే భాగాన్నీ విడివిడిగా కట్టారు. ఈ రెండోది చిన్న విషయంగా కనిపిస్తుంది కానీ చాలా అవసరం. బొమ్మ ఏదైనా సరే, న్యూరల్ నెట్‌వర్క్ ఏదో ఒక అణువును జవాబుగా చెబుతుంది. గ్రాఫు ఇచ్చినా, కంపెనీ చిహ్నం ఇచ్చినా అంతే.

అమెరికాలోని ఎంఐటీలో రెజీనా బార్జిలే బృందం 2023లో ప్రచురించిన మాల్‌స్క్రైబ్ వేరే దారి పట్టింది. స్మైల్స్‌ను నేరుగా అక్షరం తర్వాత అక్షరం ఊహించే బదులు, ముందు పరమాణువులనూ వాటి స్థానాలనూ చెబుతుంది, తర్వాత ప్రతి జంట మధ్య బంధం ఏమిటో చెబుతుంది. నిండు త్రికోణాలూ పొడిమాటలూ విప్పే బాధ్యతను నెట్‌వర్కుకు వదిలేయకుండా రసాయన నియమాలతో కలిపి తేలుస్తుంది. పాత పద్ధతిలోని క్రమశిక్షణ, కొత్త పద్ధతిలోని సహనం రెండూ ఇందులో ఉన్నాయి కాబట్టి, ఈనాటి సాధనాల్లో నా మొగ్గు దీని వైపే. అదే ఏడాది ఐబీఎం పరిశోధకుల మాల్‌గ్రాఫర్ కూడా పరమాణువులను ముందు గుర్తించి, వాటి మధ్య సంబంధాలను గ్రాఫ్ నెట్‌వర్కుతో తేల్చింది.

ఓపెన్ అనే మాట అన్నిచోట్లా ఒకే అర్థంలో వాడరు. డెసిమర్, మాల్‌స్క్రైబ్ ఎంఐటీ లైసెన్సుతో వచ్చాయి, కంపెనీలైనా వాడుకోవచ్చు. జర్మన్ మందుల కంపెనీ బేయర్ పరిశోధకులు 2021లో ఇమేజ్ టు మాల్ అనే ప్రోగ్రాము కోడ్‌ను తెరిచినా, శిక్షణ పొందిన నెట్‌వర్కును వాణిజ్యేతర పనులకే పరిమితం చేశారు. కోడ్ చేతిలో ఉండి శిక్షణ ఫలితం లేకపోతే, కోట్ల బొమ్మలతో తిరిగి శిక్షణ ఇచ్చే కంప్యూటర్లు చాలా ప్రయోగశాలలకు ఎక్కడివి?

2021లోనే మందుల కంపెనీ బ్రిస్టల్ మయర్స్ స్క్విబ్ డేటా సైన్స్ పోటీలు జరిగే కాగుల్ వేదిక మీద పోటీ పెట్టింది. మచ్చలూ చెరుపులూ కలిపిన బొమ్మల నుంచి ఇంచీ రాబట్టాలి. రాసినదానికీ సరైనదానికీ మధ్య ఎన్ని అక్షరాలు దిద్దాలో అదే కొలత. పోటీకి అది అనువైన కొలతే, రసాయనానికి కాదు. ఒక్క అక్షరం తేడాలో నైట్రోజన్ ఆక్సిజన్ అయిపోవచ్చు.

ఎంత నమ్మొచ్చు

ఒక మందు అణువులో హైడ్రోజన్లు కాక 30 పరమాణువులు, 32 బంధాలు ఉన్నాయనుకుందాం. ప్రతిదాన్నీ 99 శాతం కచ్చితంగా, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా చదివితే, అణువు మొత్తం తప్పు లేకుండా వచ్చే అవకాశం 54 శాతం లోపే. అక్షరాల ఓసీఆర్‌లో గొప్పగా అనిపించే కచ్చితత్వం ఇక్కడ నాణెం ఎగరేసినట్టుంటుంది.

పోలికకు అందరూ వాడే పరీక్షా సమూహాలు కొన్నే: అమెరికా పేటెంటు కార్యాలయం నుంచి 5,719 బొమ్మలు, బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం నుంచి 5,740, జపాన్ పేటెంటు కార్యాలయం నుంచి 450. డెసిమర్ బృందమే 2020లో నియమాల ఆధారంగా నడిచే ప్రోగ్రాములు మూడింటిని వీటిపై పరీక్షించింది. అమెరికా బొమ్మల మీద మూడూ 87, 88 శాతం దరిదాపుల్లో నిలిచాయి. జపాన్ బొమ్మల దగ్గరికి వచ్చేసరికి బాగా చతికిలబడ్డాయి. అచ్చు నాణ్యత తక్కువ, కొన్నిచోట్ల జపనీస్ అక్షరాలూ ఉన్నాయి. బేయర్ పరిశోధకులు ఇంకో బలహీనత బయటపెట్టారు. అదే బొమ్మను కంటికి ఆనని మేర తిప్పినా సాగదీసినా నియమాల ప్రోగ్రాముల ఫలితాలు పడిపోతాయి. ఏళ్ల తరబడి అవే సమూహాల మీద సరిదిద్దుకున్న ప్రోగ్రాములకు ఆ బొమ్మల తీరు వంటబట్టిందని దీన్నిబట్టి అనుకోవాలి.

అయితే తప్పుల స్వభావంలో తేడా ఉంది, నా దృష్టిలో అది శాతాలకంటే పెద్ద విషయం. నియమాల ప్రోగ్రాము తప్పితే అణువు ముక్కలవుతుంది, కార్బన్‌కు ఐదు బంధాలు వస్తాయి, తెగిన గీత వేలాడుతుంది. చూడగానే తప్పని తెలిసిపోతుంది. వేలెన్సీ చూసే సామాన్య పరీక్ష కూడా దాన్ని పట్టేస్తుంది. న్యూరల్ నెట్‌వర్క్ అలా తప్పదు. కోట్ల నిజమైన అణువులు చూసి ఉండటంతో, చదవలేకపోయిన చోట అలాంటి చోట్ల సాధారణంగా ఏముంటుందో అది పెట్టేస్తుంది. వచ్చిన అణువు చక్కగా, రసాయనికంగా సంభవమైనదిగా ఉంటుంది, కాకపోతే కాగితం మీద ఉన్నది అది కాదు. మందు పరిశోధనలో విలువైనవి అరుదైన అణువులే కాబట్టి, సాధారణమైనదానివైపు జారే ఈ అలవాటు సరిగ్గా పనికిరావలసిన చోటే దెబ్బతీస్తుంది.

అందుకే అనుభవం ఉన్నవాళ్లు రెండు వేర్వేరు తరాల ప్రోగ్రాములను ఒకే బొమ్మ మీద నడిపి, ఇంచీలు కలిస్తే తీసుకుంటారు, కలవకపోతే మనిషి ముందు పెడతారు. ఒకే రకం శిక్షణ పొందిన రెండు నెట్‌వర్కులు ఒకే తప్పు చేయొచ్చు. ఓస్రా, మాల్‌స్క్రైబ్ ఒకే తప్పు చేయడం అరుదు. పాత ప్రోగ్రాములను మూలన పడేయకపోవడానికి ఈ ఒక్క కారణం చాలు. పైగా ఓస్రా మామూలు ల్యాప్‌టాప్ మీద కమాండ్ లైన్‌లో నడుస్తుంది; వేల పేజీల పని పెట్టుకుంటే నెట్‌వర్కులకు గ్రాఫిక్స్ కార్డు కావాల్సి వస్తుంది.

ఇంకా లొంగనివి

చేతిరాత చిత్రాలకు 2021లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారి కెమ్‌పిక్స్ హైడ్రోకార్బన్లతో మొదలుపెట్టింది. మరుసటి ఏడాది డెసిమర్ బృందం చేత్తో గీసిన 5,088 బొమ్మలను పరీక్షల కోసం విడుదల చేసింది. రసాయన చర్యల చిత్రాల్లో బాణానికి ఎటువైపు ఏముందో, బాణం పైన ఏ ద్రావణి రాశారో చదివేందుకు ఎంఐటీ వారి ఆర్ఎక్స్ఎన్‌స్క్రైబ్ వంటివి వచ్చాయి. లోహ సంక్లిష్టాలు, పాలిమర్ల కుండలీకరణాలు ఈ ప్రోగ్రాములన్నింటికీ కష్టంగానే ఉన్నాయి. అసలు స్మైల్స్ రూపకల్పనే వాటిని దృష్టిలో పెట్టుకుని జరగలేదు.

పేటెంట్లు చదివేవారిని ఎక్కువగా ఏడిపించేది మార్కుష్ నిర్మాణం. యూజీన్ మార్కుష్ అనే రంగుల తయారీదారు 1924లో పొందిన అమెరికా పేటెంటుతో ఆ పేరు స్థిరపడింది. మధ్యలో ఒక చట్రం గీసి, దాని చుట్టూ ఆర్ 1, ఆర్ 2 అని ఖాళీలు వదిలి, ఆ ఖాళీల్లో ఏవేవి రావచ్చో పక్కన వాక్యాల్లో రాస్తారు. ఒక్క బొమ్మ లక్షల అణువులకు హక్కు కోరుతుంది. హైదరాబాదులో జెనరిక్ మందు తయారుచేసే కంపెనీ తన అణువు ఎవరి హక్కు కిందికైనా వస్తుందా అని చూసుకోవాలంటే ఇవి చదవక తప్పదు. బొమ్మను మాత్రమే చదివే ప్రోగ్రాము దగ్గర సగం సమాచారమే ఉంటుంది, మిగతా సగం పేరాల్లోనూ పట్టికల్లోనూ ఉంటుంది. ఐబీఎం వాళ్లు 2024లో ప్యాట్‌సిడ్ పేరుతో పేటెంట్ల నుంచి సుమారు 8 కోట్ల అణు చిత్రాలను యంత్రంతో చదివించి విడుదల చేశారు. బొమ్మనూ దాని చుట్టూ ఉన్న రాతనూ కలిపి చదివే మార్కుష్‌గ్రాఫర్ 2025లో అదే సంస్థ నుంచి వచ్చింది. ఆర్ 1 అంటే ఒకటి నుంచి ఆరు కార్బన్ల ఆల్కైల్ సమూహం, అవసరమైతే హాలోజన్‌తో, అని న్యాయవాది రాసే వాక్యాన్ని కచ్చితంగా విప్పే పని ఇప్పటికీ పేటెంటు విశ్లేషకుల బల్ల మీదే ఉంది.